తొమ్మిదో ప్రశ్న

“రాజీ అయినాక అవతలి వర్గంతో మీరెట్లా ఉండారు, టీచరమ్మా?”

శివలీల అడిగింది. ఫ్యాక్షన్ ఆగిన పల్లెలనూ, యుద్ధం ఆగిన వేరే దేశపు పల్లెలనూ పోల్చి చూడడం ఆమె పరిశోధన. ఇది తొమ్మిదో ప్రశ్న.

“సమాధానం లేదు, పాపా,” అంది ఏసుమణి టీచరు.

“ఈ వీధిలో అందరూ ఇదే అంటాండారు. చెప్పేకి ఇష్టం లేదని రాసుకుంటాలెండి.”

“చెప్పినా గదా.”

“ఏం చెప్పినారు?”

టీచరు గొంతు పాఠం చదువుతున్నట్టే ఉంది. “నా కొడుకు జయపాల్‌ను నరికినోడు ఆదివారం చర్చిలో నా ముందు వరసలోనే కూర్చుంటాడు. ‘మీకు సమాధానం కలుగును గాక’ అంటాడు పాస్టరు. వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఇస్తాడు. నేనూ ఇస్తా. రాజీ కాగితంలో సంతకం పెట్టినా గదా.”

“సమాధానం అంటే...”

“శాంతి. మా బైబిల్లో ఆ మాటే ఉండాది.”

శివలీల కాగితాలు వెనక్కి తిప్పింది. చర్చి వీధిలో ముప్పై ఒక్క ఇళ్లు. తొమ్మిదో ప్రశ్న ఎదుట, ప్రతి ఇంటికీ, తన చేతిరాతే: జవాబు ఇవ్వలేదు.

టీచరు బల్ల సొరుగు లాగింది.

“దిద్దుకుంటావా? ఎర్ర పెన్ను ఉండాది.”