గోధుమ లేని ఇల్లు

"నా గరిటె ఏదే?" అత్తగారు వంటగది గుమ్మంలోనే నిలబడి అడిగారు.

"పారేశానత్తయ్యా. చెక్కది కదా, ఎంత తోమినా పాత పిండి పీల్చుకునే ఉంటుంది."

"ఇరవై ఏళ్ల గరిటె. రేపు నేనూ పీల్చుకున్నానని నన్ను పారేస్తావేమో."

కోడలు నవ్వలేదు. చేతిలోని సాస్ సీసా వెనక చీమతలకాయంత అక్షరాలను భూతద్దంతో చదువుతోంది.

ఐదేళ్ల చిట్టికి గోధుమ పడదని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైంది. పిసరంత లోపలికి వెళ్లినా పేగు పాడవుతుందట. ఆ రోజే గోధుమపిండి, మైదా, బ్రెడ్డు, బిస్కెట్లు ఇల్లు దాటాయి. తర్వాత దొంగలు ఒక్కొక్కరే బయటపడ్డారు. సూప్ పొడిలో గోధుమ. చాక్లెట్‌లో గోధుమ. ఆఖరికి దగ్గు మాత్రలో కూడా. కోడలు దేన్నీ వదల్లేదు. మిక్సీ జార్లు మార్చింది. బియ్యం మరకు పంపడం మానేసి ఇంట్లోనే పిండి చేసుకుంది. బయట ఏమైనా తింటుందేమోనని చిట్టిని బడికి కూడా పంపలేదు.

అయినా పిల్ల చిక్కిపోతూనే ఉంది. బడులు తెరిచిన ఈ నెల్లో మరీ. చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. పోయిన వారం ఆసుపత్రిలో ఆరు రోజులుంచితే లేచి ఆడుకుంది. ఇంటికొచ్చిన మూడో రోజుకే మళ్లీ విరేచనాలు.

"ఆసుపత్రి కూడు ఒంటబట్టింది. తల్లి వంట పట్టలేదు," అన్నారు అత్తగారు. "ఇంకేం చెప్పాలి?"

కోడలికి తన చేతుల మీద తనకే అనుమానం మొదలైంది. ఉంగరం తీసేసింది. గోళ్లు రక్తం చిమ్మేదాకా కత్తిరించుకుంది.

దీపాలు పెట్టే వేళకు మామగారు వచ్చారు. పుస్తకాలకు అట్టలు వేసే దుకాణం ఆయనది. ఈ రోజుల్లో ఊపిరాడనంత పని. అయినా అలవాటు తప్పలేదు. చేతులు అలా తడిపి, తను తినేముందు చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. తాత చేత్తో నాలుగు ముద్దలు పడితేగాని దానికి పూట గడవదు.

"అమ్మాయీ, నిన్ను తప్పుపట్టడం కాదు," అన్నారు కంచంలో అన్నం కలుపుతూ. "నీకు చదువెక్కువ, చేతి శుభ్రం తక్కువ. ఎక్కడో నీ దగ్గరే జారిపోతోంది."

"మామయ్యా, నేను..."

"రేపట్నుంచి దీని కంచం నువ్వు ముట్టుకోవద్దు. వంట మీ అత్తయ్య చేస్తుంది. పగలంతా చిట్టి నాతో దుకాణంలో ఉంటుంది. మూడు పూటలా నేనే తినిపిస్తా."

కోడలు భర్త వైపు చూసింది. అతను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"ఇది తేరుకునేదాకా నువ్వు మీ అమ్మ దగ్గరుండి రా," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

బిడ్డ బతికితే చాలనుకుంది. తల ఊపింది.

చిట్టి నోరు తెరిచింది.

తెల్లారినప్పటి నుంచి అట్టలకు పూసిన మైదా జిగురు గోళ్ల సందుల్లో తెల్లగా ఎండిపోయి ఉన్న చేత్తో, రోజూలాగే మెత్తగా పిసికి, మామగారు మొదటి ముద్ద పెట్టారు.