చుట్టం కానివాడు

“తీసేస్తున్నాను మామయ్యా,” అంటూ కోడలు ఫోను మీద వేలు పెట్టబోయింది.

వానలు మొదలైనా గొడుగుల షాపులో బేరాలు మొదలవ్వలేదని ఆమే ఆన్‌లైన్‌లో పేజీ పెట్టింది. ఇవాళ దాని మీద ఎవరో ‘రెండోసారి విప్పగానే ఊచ విరిగింది’ అని రాశారు.

“ఆగమ్మా. మిగతావాళ్ళేం రాశారు?”

“అందరూ సూపర్ అన్నారు. మా అన్నయ్యయితే దండాలు కూడా పెట్టాడు.”

“మీ అన్నయ్య మన గొడుగు ఎప్పుడైనా కొన్నాడా?”

“కొనడమెందుకు? మీరే ఊరికే ఇచ్చారుగా.”

“మీ పిన్ని?”

“ఆవిడ ఎండకే బయటికి రాదు, వానకొస్తుందా?” ఒక్కొక్క పేరే చూసుకుంటూ పోయిన కోడలికి నవ్వాగలేదు. “అంతా మన చుట్టాలే మామయ్యా.”

“కొన్నవాడు ఇతనొక్కడే. అతన్నీ గెంటేస్తే ఎలాగమ్మా? తెస్తే ఊచ మార్చి ఇస్తామని రాయి. అందాకా తడవొద్దని కూడా రాయి.”

“వ్యాపారంలో అలా రాయరు మామయ్యా,” అంటూనే ఆమె రాసింది.

కాసేపటికే జవాబు వచ్చింది.

“షాపు ఎన్నింటిదాకా ఉంటుందని అడుగుతున్నాడు,” అంది కోడలు మెల్లగా. “ఆ మాట మన చుట్టాలెవరూ అడగలేదు.”

మామయ్య బల్ల కింద నుంచి ఊచల డబ్బా పైకి తీశాడు.

“అతను వచ్చేదాకా ఉంటుందని రాయి.”