పన్నెండొందల ఎనభై ఏడు

“కొలిచిన అంకె అబద్ధం చెప్పదు. నీ ఫార్ములాయే తప్పు,” అంటూ గైడు కాగితాలు బల్ల మీదికి విసిరారు.

“నాలుగుసార్లు సరిచూశాను సార్.”

“ఐదోసారి చూడు. నెలాఖరుకి నీ గడువు అయిపోతుంది, గుర్తుందా?”

ఆ పరిశోధకురాలు కూర్చోలేక లేచింది, నిలబడలేక కిటికీ దగ్గరికి వెళ్లింది. లోహంలో ఒక అణువు పక్క అణువుని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే ఫార్ములా ఆమెది. దాన్ని కంప్యూటర్‌కిచ్చి లక్ష అణువులను వేడి చేయిస్తే, ఆ మిశ్రలోహం 1214 డిగ్రీలకే కరిగిపోతోంది. నలభై ఏళ్ల కిందట ఇదే ల్యాబ్‌లో కొలిచిన అంకె 1287. పుస్తకాలన్నిట్లోనూ అదే.

వారం రోజులు తిండి సయించలేదు.

“నీ అణువులు ఎక్కడికీ పారిపోవు, ముందు తిను,” అన్నాడు భర్త.

ఆమె పళ్లెం పక్కకి నెట్టి మళ్లీ లెక్క మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చేసినా అదే 1214. తన లెక్క మీద తనకి నమ్మకమే. కానీ నమ్మకాన్ని చూసి డాక్టరేట్ ఎవరిస్తారు?

శుక్రవారం పళ్లు బిగబట్టి ఫార్ములాలో ఒక సంఖ్య పెంచేసింది. అణువులు ఒకదాన్నొకటి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాయి. 1287 వచ్చింది.

గైడు ముఖం చాటంత అయింది. “చూశావా! నేను చెప్పలేదూ?” థీసిస్ ఆ రోజే వెళ్లిపోయింది.

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. ఆ అంకె కొలిచిన మనిషి రిటైరై నాలుగు వీధుల అవతలే ఉంటున్నాడని తెలిసి, వెతుక్కుంటూ వెళ్లింది. ల్యాబ్‌లో అందరూ కొలిమి తాత అనే ఆ పెద్దాయన వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు.

“మీ అంకె అందుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది తాతగారూ. అంత కచ్చితంగా ఎలా కొలిచారు?”

“ఏ అంకె తల్లీ?”

“పన్నెండొందల ఎనభై ఏడు.”

తాత చేతిలో చెంబు ఆగిపోయింది.

“దాన్ని ఇంకా వాడుతున్నారా?” మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు. “ఆవేళ కొలిమి పాడైంది. అప్పటి సారేమో సాయంత్రానికల్లా అంకె కావాలని నెత్తిమీద కూర్చున్నాడు. పన్నెండొందల పైచిలుకు ఉంటుందని మాత్రం తెలుసు...”

“మరి ఆ ఎనభై ఏడు ఎక్కడిది?”

“అది నా స్కూటర్ నంబరు తల్లీ.”