పొలం వాళ్ల వాటా

“ఆ కుండ కింద పెట్టరా రూబెన్!”

రూబెన్ పెట్టలేదు. పగిలిన మట్టికుండను చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. పగులులోంచి బంగారు నాణేలు కనబడుతున్నాయి. ఒక్కో దాని మీద ఏనాటి రాజుదో మొహం.

పెర్సీ ఇంకా గుంట పక్కన మోకాళ్ల మీదే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి జారిపోయాయి. ఆదివారం వస్తే చాలు, స్నేహితులిద్దరూ మెటల్ డిటెక్టర్లు పట్టుకుని ఇంగ్లండులో తమ సఫోక్ జిల్లా పొలాలన్నీ గాలించేవాళ్లు. ఇన్నేళ్లలో వాళ్లకు దొరికినవి గుండీలు, తూటాలు, ట్రాక్టరు నట్లు. ఈ రోజు మిసెస్ ఆల్డస్ గోధుమ చేలో, కోత అయిన మోళ్ల మధ్య, మూరెడు లోతున అదృష్టం తగిలింది.

“అధికారులకు చెబుదాం,” అన్నాడు పెర్సీ. “వాళ్లే విలువ కట్టి డబ్బిస్తారు. సగం మనిద్దరిదీ, సగం పొలం వాళ్లది. వెతుక్కోనిమ్మని అడిగినప్పుడు చెయ్యి కలిపి మరీ ఒప్పుకున్నాం.”

“ముసల్దానికి సగమా? పిల్లా జెల్లా లేరు. పోతూ పోతూ పట్టుకుపోతుందా?”

“పొలం వాళ్లది పొలం వాళ్లకే చేరాలి.”

“ఈ పొలం ఇరవై ఏళ్లుగా దున్నింది ఎవడు? ఆవిడ మొగుడు పోయాక విత్తింది నేను, కోసింది నేను. నాకేం మిగిలింది? నడుం నొప్పి! ఇప్పుడు అద్దింట్లోంచి పొమ్మంటున్నారు. నా పెళ్లాం లెటీనీ పిల్లల్నీ ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తి మీదా?”

అందులో అబద్ధం లేదు. ఇల్లు పోతుందన్న భయంతో రూబెన్‌కు నెల రోజులుగా తిండి సహించడం లేదు. ఈ కుండ చేజారితే పెళ్లాం బిడ్డలతో వీధిలో నిలబడాలి.

పెర్సీ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది పాపం. ఎంత ఆపుకుందామన్నా అతని వల్ల కాలేదు.

“ముందు టీకి పద. నాలుగింటికి రమ్మందిగా ఆవిడ. నిన్ను తప్పకుండా తీసుకురమ్మంది. టీ తాగాక కూడా నీకు దొంగతనం చెయ్యాలనిపిస్తే చెప్పు, సంచి నేనే మోస్తా.”

“ఎకసెక్కాలా? నీకేంరా, సొంతిల్లుంది, పెన్షనుంది. ఎన్ని నీతులైనా చెబుతావు.”

“ఒరే తిక్కలోడా, ఒక్క గంట ఓపిక పట్టరా!”

“పట్టను.”

రూబెన్ కారు వైపు నడిచాడు. పెర్సీ లేచి వెనక నుంచి కోటు పట్టి లాగాడు. కుండ నేల మీద పడింది. రూబెన్ వెనక్కి తిరిగి మొహం మీద గుద్దాడు. పెర్సీ ముక్కు చితికింది. అయినా వదల్లేదు. ఇద్దరూ కలియబడి మోళ్ల మీద దొర్లారు. మోళ్లు చెంపల్ని గీరేశాయి. పెర్సీ వయసులో పెద్దవాడే కానీ ఒళ్లు గట్టిది. రూబెన్‌ను వెల్లకిలా పడేసి రొమ్ము మీద కూర్చున్నాడు. ముక్కులోంచి కారుతున్న నెత్తురు రూబెన్ నోట్లో పడుతోంది.

“ఒట్టేశాను కాబట్టి ఊరుకుంటున్నా! లేకపోతే నిన్ను...” అంటూ మళ్లీ నవ్వేశాడు.

ఆ నవ్వుతో రూబెన్‌కు ఒళ్లు తెలియలేదు. చేతికి పార తగిలింది. మట్టిలో చెట్ల వేళ్లు తెగడానికని నిన్ననే పదును పెట్టిన పార. మొదటి దెబ్బ దవడ మీద పడింది.

పెర్సీ పక్కకు ఒరిగిపోయాడు. దవడ వేలాడుతోంది. ఏదో చెప్పాలని గింజుకున్నాడు కానీ నోట్లోంచి నెత్తురు, పళ్లు తప్ప మాట రాలేదు. చెయ్యి ఎత్తి ముందు నేలను చూపించాడు, తర్వాత రూబెన్ రొమ్మును చూపించాడు. మళ్లీ నేలను, మళ్లీ రొమ్మును.

“నన్ను పాతేస్తావా? నువ్వా?”

రెండో దెబ్బ నెత్తి మీద పడింది. ఆ చెయ్యి కిందికి వాలిపోయాక కూడా రూబెన్ కొడుతూనే ఉన్నాడు.

ఆయాసం తగ్గాక భయం పట్టుకుంది. శవాన్ని కాళ్లు పట్టి ఈడ్చుకెళ్లి, గట్టు పక్క కాలవలో ముళ్లకంప కిందికి తోశాడు. నాణేలన్నీ ఏరి కారు సీటు కింద దాచాడు. తవ్విన గుంటను అలవాటు కొద్దీ నీటుగా పూడ్చాడు. పశువుల తొట్టిలో మొహం, చేతులు కడుక్కున్నాడు. కోటు విప్పి డిక్కీలో పడేసి, పాత స్వెట్టరు తొడుక్కున్నాడు. టీకి వెళ్లకపోతే ఆవిడకు అనుమానం వస్తుందని వెళ్లాడు.

మిసెస్ ఆల్డస్ మంచి కప్పులు బయటికి తీసింది. బల్ల మీద ప్లమ్ కేకు కూడా పెట్టింది.

“పెర్సీ ఏడీ?”

“కడుపులో బాలేదని ఇంటికెళ్లిపోయాడమ్మగారూ.”

“ఈ రోజే రావాలా వాడికి కడుపునొప్పి! ఆ చెంప మీద గీతలేంటి?”

“ముళ్లకంపలో పడ్డాను.”

“జాగ్రత్త నాయనా. ఏమన్నా దొరికిందా?”

“గుండీలు,” అన్నాడు రూబెన్. కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆవిడ ఎదురుగా కూర్చుని ముసిముసిగా నవ్వింది. “అయితే వాడు నిజంగానే చెప్పలేదన్నమాట! నిన్న లాయరు దగ్గరికి నన్ను కార్లో తీసుకెళ్లింది వాడే. తిరిగొస్తూ దారంతా నవ్వుతూనే ఉన్నాడు, నీ మొహం ఎలా పెడతావో చూడాలని. నా నోటితో నేనే చెబుతాను, టీ దాకా నువ్వు నోరు విప్పొద్దని ఒట్టేయించుకున్నా.”

“ఏం... ఏం చెప్పొద్దని?”

“ఆ పొలం ఇప్పుడు నీదే, నాయనా.”