కుర్చీల లిఫ్టుకు ఓటు

ఓటు వెయ్యడానికి ఊరంతా చేరిన హాల్లో ఫ్లూరిన్ అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. గోడవారగా ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు కాస్త జరిగారు. అతనికి చోటివ్వడానికి కాదు, అతని భుజం తగలకుండా ఉండటానికి.

ఆ లోయలో కొత్త లిఫ్టు కావాలని నోరు తెరిచి అడిగినవాడు అతనొక్కడే. ఇప్పుడున్నది తీగకు వేలాడుతూ కొండెక్కే, ఇద్దరిద్దరు కూర్చునే కుర్చీల లిఫ్టు. కాస్త గాలి వీస్తే చాలు, ఆగిపోతుంది. స్కీయింగుకు వచ్చినవాళ్ళు మంచు మీద, గాల్లో, కాళ్ళు వేలాడేసుకుని గజగజ వణకాలి. ఒకసారి అలా వణికినవాళ్ళు మరుసటి ఏడు పక్క లోయకు పోతున్నారు. ఈ చలికాలం ఫ్లూరిన్ హోటల్లో సగం గదుల్లో దుప్పట్ల మడత విప్పలేదు. ఇలాగే సాగితే తాళం పడటమే.

అయినా ఊళ్ళో ఎవరూ లిఫ్టు గురించి మాట్లాడటం లేదు. సెరైనా గురించే మాట్లాడుతున్నారు.

కొండ మీద, లిఫ్టు చివర చెక్కగదిలో ఉండి, దిగేవాళ్ళకు చెయ్యందించేది సెరైనా. భర్త పోయిన ఏడాది ఊరే ఆమెకు ఆ పని ఇప్పించింది. గాలికి లిఫ్టు ఆగితే ఆమె కూడా పైనే చిక్కుకుపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడు విసుక్కోలేదని అందరూ చెప్పుకుంటారు. కొత్త లిఫ్టు వస్తే పైన మనిషితో పని లేదు. అంతా కిందినుంచే చూసుకుంటారు.

“ఒరేయ్ ఫ్లూరిన్, నీ గదులు నిండటానికి ఆవిడ పొట్ట కొడతావా?” అన్నాడు మాంసం కొట్టు లూజీ. చిన్నప్పుడు బళ్ళో ఇద్దరిదీ ఒకే బెంచీ.

“పొట్ట కొట్టడమేంట్రా? మా హోటల్లో పని ఇస్తానన్నాగా.”

“ఏం పని? గిన్నెలు తోమడమా?”

హాలంతా నవ్వింది. సెరైనా ముందు వరుసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

“నా కోసం ఇదంతా ఎందుకు లూజీ,” అంది మెల్లిగా.

“నువ్వూరుకో. నోరు తెరిచి అడగడం నీకెప్పుడు చేతనైంది గనక? నీ తరఫున మేమున్నాం.”

చప్పట్లు మోగాయి. సెరైనా తల దించుకుంది.

కొత్త లిఫ్టు కావాలో వద్దో రాయమని చీటీలు పంచారు. పెన్సిలు పట్టుకుని ఫ్లూరిన్ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోదామంటే తలుపు అవతలి గోడకుంది. అంతమంది మోకాళ్ళు దాటుకుని పోవాలి. వారం రోజులుగా బళ్ళో కూతురితో ఎవరూ ఆడటం లేదు. నిన్న రొట్టెల దుకాణంలో భార్య పలకరిస్తే పక్కింటావిడ వినిపించుకోనట్టు వెళ్ళిపోయింది. అతను సెరైనా వంక చూశాడు. వెనకనుంచి ఆమె భుజాలు సన్నగా వణుకుతున్నాయి. మనసు చివుక్కుమంది.

‘వద్దు’ అని రాసి మడిచేశాడు. దాంతో తన హోటల్ని తనే మూసేసుకున్నట్టనిపించింది.

చీటీలన్నీ విప్పి చూసి ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. “ఒక్కటి తప్ప అన్నీ వద్దనే.”

హాలు హోరెత్తింది. ఆ హోరు చల్లారకముందే తలలన్నీ గోడవైపు తిరిగాయి.

“ఆఖరికి నీ మాటే నెగ్గాలనుకున్నావా? సిగ్గుండాల్రా,” అన్నాడు లూజీ.

“నేనూ వద్దనే రాశాను.”

“మరి ఆ ఒక్కటీ నేను వేశానా?”

ఎవరూ నమ్మలేదు. ఫ్లూరిన్ మోకాళ్ళు తప్పించుకుంటూ, తిట్లు వింటూ బయటపడ్డాడు. మిట్టమధ్యాహ్నం. మంచు మీది ఎండ కళ్ళలో పొడుస్తోంది. గాలికి లిఫ్టు ఆగిపోయి ఉంది. తీగ పొడుగునా ఖాళీ కుర్చీలు ఊగుతున్నాయి. ఈ ఊళ్ళో ఉండలేడు. హోటలు వదిలేసి పోనూ లేడు.

వెనక తలుపు చప్పుడైంది. సెరైనా వచ్చి పక్కన నిలబడింది. లోపల ఆమె కోసం పాటలు పాడుతున్నారు. ఎవరో ఇచ్చిన పూలగుత్తి ఆమె చంకలో నలుగుతోంది.

“నువ్వైనా నమ్ము సెరైనా,” అన్నాడు. “ఆ ఓటు నాది కాదు.”

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

ఆమె కొండమీది చెక్కగది వంక చూసి మొహం తిప్పేసుకుంది.

“‘కావాలి’ అని రాసింది నేనే ఫ్లూరిన్.”