ఎండ పడని గోడ

మిట్టమధ్యాహ్నం పన్నెండయ్యేసరికి అతను వచ్చేవాడు.

సందులోకి తిరిగి, ఆ ఇంటి రేకు గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి వెళ్ళిపోయేవాడు.

నాలుగో రోజూ అదే తంతు. తల్లికి ఒళ్ళు జలదరించింది. గోడకు లోపలి పక్కన పాప పడుకుని ఉంది మరి. పాపది మిషన్ పోసే ఊపిరి. ఆ మిషన్‌కు సోలార్ కరెంటే దిక్కు.

ఆమె బయటికి వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు? ఏం కావాలి?"

"గోడ వేడెక్కుతోందమ్మా."

"ఎండాకాలం వేడెక్కక చల్లగా ఉంటుందా?"

"ఈ గోడకు ఎండ పడదు." అతను చెయ్యి తీయలేదు. "లోపల సోలార్ కంట్రోలర్ పెట్టె మీద గుడ్డ కప్పారు కదూ?"

పెట్టె మీద పచ్చలైటు మిణుకుమంటుంటే పాపకు కునుకు పట్టడం లేదని, ఆమె పాత చీర మడిచి కప్పింది నిజమే. కిటికీ మూసే ఉంది. ఇతనికెలా తెలుసు?

"ఎంత మంచి పెట్టైనా వచ్చిన కరెంటంతా బ్యాటరీకి ఇవ్వదమ్మా. కొంత వేడిగా పోతుంది. దాని దారి మూయకండి. మీకు దండం పెడతాను."

జోడించబోయిన అరచేతులు నున్నగా మెరిశాయి. వాటిలో ఒక్క గీత లేదు.

ఆమె కెవ్వుమంది. ఇంట్లో ఉన్న ఆమె తమ్ముడు పరుగెత్తుకొచ్చి అతన్ని కాలర్ పట్టుకుని సందు చివరిదాకా ఈడ్చుకెళ్ళాడు.

"మళ్ళీ ఇటు కనిపించావో, కాళ్ళు విరగ్గొడతా!"

మర్నాడు పన్నెండయింది. అతను రాలేదు.

పీడ విరగడైందనుకుంది గానీ మనసు ఊరుకోలేదు. సందులోకి వెళ్ళి, అతను నిలబడ్డ చోటే నిలబడి గోడకు చెయ్యి ఆనించింది.

చురుక్కుమంది.

లోపలికి పరుగెత్తి చీర లాగేసింది. అడుగు మడత కమిలిపోయి ఉంది. గదంతా మాడు వాసన. మిషన్ మాత్రం ఆడుతూనే ఉంది. పాప ఊపిరి తీస్తూనే ఉంది. తల్లి అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"ఇంకాసేపుంటే అంటుకునేదక్కా," తమ్ముడు తల దించుకున్నాడు. "వాణ్ణి... ఆయన్ని వెతుక్కొస్తాను."

సందులన్నీ గాలించినా కనిపించలేదు.

సాయంత్రం ఆమె ఇల్లుగలావిడను నిలదీసింది.

"అరచేతుల్లో గీతల్లేని మనిషి ఎవరండీ?"

ఆవిడ గొంతు తగ్గించింది. "చెబితే ఎవరూ అద్దెకు రారని దాచానమ్మా. మీకు ముందు ఈ గదిలో ఉన్నది అతనే. ఇలాంటి పెట్టెలు బిగించడమే అతని పని."

"చేతులకేమైంది?"

"ఈ గది అంటుకున్న రోజు, కాలే రేకుల్ని ఉత్త చేతులతో పీకాడు. లోపలున్న కూతురు దక్కలేదు."

"ఎలా అంటుకుంది?"

"లైటు కళ్ళల్లో పడి పిల్ల నిద్రపోవడం లేదని, పెట్టె మీద తన తువ్వాలు కప్పి పనికి వెళ్ళింది అతనేనమ్మా."