కాశీలో వదిలినది

యాభై దాటిన మగవాళ్లందరి ముంజేతికీ కడియం ఉండే కాలమది. తెల్లవారగానే చీమ కుట్టినట్టు ఒక చుక్క రక్తం తీసుకుని, ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అనుమానాన్ని చెప్పే అంకె ఎంతో పైకి చదివేది. భానుమూర్తి అంకె పెరిగినప్పుడల్లా డాక్టర్లు సూదితో గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. ప్రతిసారీ ఏమీ లేదన్నారు. విసిగిపోయిన ఆయన కాశీయాత్రలో, భార్య సుభద్ర ఆచారం ప్రకారం పనసపండు వదిలితే, తాను కడియాన్ని గంగలో వదిలేశాడు.

"పండు వదలమంటే పరీక్ష వదిలారా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని ఆవిడ నవ్వింది.

ఆ తరువాత ఉదయాలు హాయిగా, నిశ్శబ్దంగా గడిచాయి. కొన్నేళ్లకు ఒక వేసవిలో నడుము నొప్పికి ఆసుపత్రికి వెళితే మళ్లీ ముక్క తీశారు. ఈసారి క్యాన్సర్ ఉంది, ఎముకలకూ పాకింది.

"కడియం ఉంటే ముందే పట్టుకునేవాళ్లం బాబాయ్‌గారూ," అంది డాక్టరమ్మ.

తిరిగి వస్తుంటే తోపుడుబండి మీద పనసతొనలు ఘుమఘుమలాడాయి. సుభద్ర ముఖం తిప్పుకుంది.

"ఇంకా అంత ఇష్టమా?"

"ఇష్టం కాబట్టేగా వదిలింది."

భానుమూర్తి ఖాళీ ముంజేతిని నిమురుకున్నాడు. ఇష్టమైనదాన్ని వదలమన్న చోట తాను భయపడినదాన్ని వదిలి వచ్చాడు. ఇక ఇష్టమైనవన్నీ వదలాలి. వాటిలో అన్నిటికన్నా ప్రియమైనది, పనసతొనల వైపు చూడకుండా, ఆయన పక్కనే నడుస్తోంది.